ఐస్ వేయని చేపే తాజా చేపా? చెన్నై వంటింటి నుంచి ఒక లెక్క

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకు వేసవిలో ఒక చిక్కు ఉంది. నెల్లూరు పద్ధతిలో మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టుకునే కాలం ఏప్రిల్, మే, జూన్. తూర్పు తీరంలో వేట నిషేధం కూడా అప్పుడే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, కాశిమేడు హార్బరులో మరబోట్లు పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. అయినా చింతాద్రిపేట మార్కెట్లో చేప ఉంటుంది, సైదాపేటలో ఉంటుంది, ఫోన్లో ఆర్డరు పెడితే ముక్కలు కోసి ఇంటికి తెచ్చిస్తారు. దాంతో ప్రతి వేసవిలోనూ తెలిసినవాళ్ళందరి నోటా ఒకే ప్రశ్న: బోట్లే వెళ్ళనప్పుడు ఈ చేప ఎక్కడిది, ఎన్నాళ్ళది, మందు ఏమైనా కలిపారా?

ఈ టెన్షన్‌లో అందరూ పట్టుకునే ఊతకర్ర ఒకటుంది. తమిళంలో "ఐస్ పోడాద మీన్" అంటారు, ఐస్ వేయని చేప అని. అమ్మే ఆవిడ ఆ మాట అనగానే మన ముఖం వెలుగుతుంది, బేరం కూడా సగం తగ్గిస్తాం. ఐస్‌లో ఉన్నది పాతది, ఐస్ లేనిది కొత్తది అని మన నమ్మకం. నేనూ చాలా ఏళ్ళు అలాగే కొన్నాను. చేప చనిపోయాక దాని లోపల ఏం జరుగుతుందో తెలుసుకున్నాక ఆ నమ్మకం తలకిందులైంది.

"తాజా" అంటే ఎవరి లెక్కలో?

ఈ ఒక్క మాటని మార్కెట్లో కనీసం మూడు అర్థాల్లో వాడతారు. తీరం దగ్గర ఫైబర్ బోటులో తెల్లవారుజామున వెళ్ళి పొద్దున్నే తిరిగొచ్చేవాళ్ళకి తాజా అంటే ఈ పూట పట్టింది. పట్టినపాక్కం, నొచ్చికుప్పం వైపు అమ్మే చిన్న చేపల్లో చాలాభాగం ఇలాంటివే. కాశిమేడు నుంచి లోతు సముద్రానికి పోయే మరబోటు వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, నీళ్ళమీదే ఉంటుంది. వాళ్ళకి తాజా అంటే ఈ రోజు ఒడ్డుకు దిగింది. మొదటి రోజు వలలో పడిన వంజరం (మన కోనెం), చివరి రోజు పడిన వంజరం ఒకే వేలంలో, ఒకే కుప్పలో ఉండొచ్చు. ఇక మూడో అర్థం దుకాణాలది, యాప్‌లది: ఫ్రీజ్ చేయలేదు కాబట్టి తాజా. ఆ చేప పట్టి ఎన్ని రోజులైందో ఆ మాట చెప్పదు.

ముగ్గురూ అబద్ధం ఆడటం లేదు. కానీ మనం వినేది మాత్రం మొదటి అర్థమే.

చేప చనిపోయాక జరిగేది

ముందుగా ఒళ్ళు బిగుసుకుంటుంది. కండరాల్లోని శక్తి అయిపోవడం వల్ల వచ్చే బిగువు ఇది. తోక పట్టుకుని ఎత్తితే కర్రలా నిలబడే చేప ఈ దశలో ఉన్నదే. కొన్ని గంటల తర్వాత, ఐస్‌లో ఉంటే మరింత ఆలస్యంగా, ఆ బిగువు సడలుతుంది. ఈ లోగా కండలోని శక్తి పదార్థం విరిగి ఐఎంపీ అనే దాని దగ్గర కాసేపు ఆగుతుంది. చేప మాంసానికి కమ్మని రుచి ఇచ్చే వాటిలో ముఖ్యమైనది అదే. ఆ తర్వాత అదీ విరిగి, చేదు తగిలే పదార్థంగా మారుతుంది. అందుకే నీళ్ళలోంచి తీసిన నిమిషమే చేప అత్యంత రుచిగా ఉంటుందని చెప్పలేం. రుచి ఎక్కి దిగుతుంది, దిగేటప్పుడు ఎంత వేగంగా దిగుతుందో వేడిని బట్టి ఉంటుంది.

తర్వాతి పని బ్యాక్టీరియాది. మొప్పల్లో, పేగుల్లో, చర్మం మీది జిగురులో అవి ముందునుంచే ఉంటాయి. సముద్రపు చేపల కండలో టీఎంఏఓ అనే వాసన లేని పదార్థం ఉంటుంది. ఉప్పునీళ్ళలో బతకడానికి అది చేపకు అవసరం. బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. మనం "నీచు వాసన" అనేది చాలావరకు దీనిదే. అప్పుడే పట్టిన సముద్రపు చేపకు ఆ కంపు ఉండదు, సముద్రపు గాలిలాంటి లేత వాసన ఉంటుంది.

మనం చూసే గుర్తులన్నీ ఈ కథలోంచి వచ్చినవే. మొప్పలు ఎర్రగా ఉండటం, వేలితో నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవడం, పొట్ట పగలకుండా ఉండటం అలాంటివి. వీటిలో కంటి గుర్తుని మాత్రం నేను తక్కువ నమ్ముతాను. ఐస్ తగిలిన కన్ను చేప బాగున్నా మసకబారుతుంది. మొప్పల్ని నీళ్ళతో కడిగేయొచ్చు. ముక్కుని మోసం చేయడమే అన్నిటికన్నా కష్టం. మొప్ప ఎత్తి వాసన చూస్తానంటే ఒప్పుకునే మనిషి దగ్గర కొనడం నాకు అలవాటైంది.

గంటలు కాదు, వేడి ఎంత అన్నది లెక్క

ఉష్ణమండల చేపలు ఏ వేడిలో ఎంత వేగంగా పాడవుతాయో శాస్త్రవేత్తలు ఒక అంచనా సూత్రం కట్టారు. సున్నా డిగ్రీల వేగాన్ని 1 అనుకుంటే 5 డిగ్రీల దగ్గర సుమారు 1.8 రెట్లు, 10 డిగ్రీల దగ్గర 3.3 రెట్లు, 30 డిగ్రీల దగ్గర 36 రెట్లు. ఆ చివరి అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

రెండు చేపలు తీసుకుందాం. మొదటిది మూడు రోజుల కిందట పట్టింది, అప్పటి నుంచీ మంచి ఐస్‌లో సున్నా దగ్గర ఉంది. దాని వయసు మూడు "ఐస్ రోజులు". రెండోది ఈ తెల్లవారుజామున 5 గంటలకు పట్టింది, ఐస్ వేయలేదు, 11 గంటల దాకా 30 డిగ్రీల్లో తట్టలో ఉంది. ఆరు గంటల్ని 36తో గుణిస్తే 216 గంటలు, అంటే తొమ్మిది ఐస్ రోజులు. ఈ రోజు పట్టిన ఐస్ వేయని చేప, మూడు రోజుల నాటి ఐస్ చేపకన్నా మూడు రెట్లు ముసలిది.

ఇది అంచనా లెక్కే. ఏ చేప, ఎంత లావు, ఏ నీళ్ళది అన్నదాన్ని బట్టి మారుతుంది. తట్టమీద తడిగోనె కప్పి నీడలో పెడితే కొంత తగ్గుతుంది. పొద్దున ఆరున్నరకి ఫైబర్ బోటు పక్కన నిలబడి కొని, ఏడింటికి ఇంట్లో పెట్టేవాళ్ళకు ఐస్ వేయని చేప నిజంగా భాగ్యమే. ఆ అరగంటకు పోయేది పెద్దగా ఉండదు. అదే చేపని పదకొండింటికి కొనేటప్పుడు మాత్రం "ఐస్ వేయలేదు" అన్నది మెచ్చుకోవాల్సిన మాట కాదు, ఆలోచించాల్సిన మాట.

మనం ఇంటికి తెచ్చే దారి కూడా ఈ లెక్కలో పడుతుంది. ఆదివారం కాశిమేడులో కొని, వేళచ్చేరి దాకా ట్రాఫిక్‌లో గంట ప్రయాణం చేస్తే, ఉత్త క్యారీబ్యాగులో ఉన్న చేపకు ఒకటిన్నర ఐస్ రోజుల దాకా వయసు పెరగొచ్చు. లావు చేపకు లోపలి చల్లదనం కాసేపు నిలుస్తుంది కాబట్టి నష్టం కొంత తక్కువ, సన్న నెత్తళ్ళకు పూర్తిగా తగులుతుంది. ఇంటి ఫ్రిజ్ సాధారణంగా 4, 5 డిగ్రీల్లో ఉంటుంది. అందులో ఒక్క రోజు అంటే దాదాపు రెండు ఐస్ రోజులు. ఫ్రిజ్‌లోనే ఐస్ ముక్కల మధ్య గిన్నెలో పెట్టిన చేపకీ, ఉత్తినే పెట్టిన చేపకీ మర్నాడు రుచిలో తేడా తెలిసేది ఇందుకే.

ఐస్ గొప్పతనం చల్లదనం ఒక్కటే కాదు. కిలో ఐస్ కరగడానికి 80 కిలోకేలరీల వేడి లాక్కుంటుంది, కరిగినంతసేపూ సున్నా దగ్గరే నిలబడుతుంది, కరిగిన నీరు చేపమీది జిగురునీ బ్యాక్టీరియానీ కడుగుతూ కిందికి పోతుంది. మన వేడికి కిలో చేపకు కిలో ఐస్ అని సలహా ఇస్తారు. మార్కెట్లో నాలుగు ఐస్ పలుకులు పైన చల్లిన చేప ఐస్‌లో ఉన్నట్టు కాదు. ఐస్‌లో పాతుకుని ఉన్నదే ఐస్‌లో ఉన్నట్టు.

నిషేధంలో దొరికే చేప ఎక్కడిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నిషేధం ఉద్దేశం చేపలు గుడ్లుపెట్టే కాలంలో సముద్రానికి విశ్రాంతి ఇవ్వడం. ఒకప్పుడు 45 రోజులుండేది, తర్వాత 61 చేశారు. అన్ని చేపలూ ఒకే నెలల్లో గుడ్లు పెట్టవు కాబట్టి ఈ తేదీలు సరైనవేనా అన్న వాదన మత్స్యకారుల్లో ఉంది. రెండు నెలలు ఆదాయం ఆగిపోయే కుటుంబాలు ఆ ప్రశ్న అడగడంలో న్యాయం ఉంది. నిషేధం తర్వాత వలలు నిండుతాయని మద్దతిచ్చేవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు.

ఈ నిషేధం మరబోట్లకు. తీరం దగ్గర తిరిగే చిన్న నాటు పడవల వేట సాగుతుంది కాబట్టి వాటి చేప వస్తూనే ఉంటుంది, కొద్దిగా, ఖరీదుగా. పెద్ద చేపల్లో చాలాభాగం కేరళ, కర్ణాటకల నుంచి లారీల్లో వస్తుంది, ఎందుకంటే పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా, కేరళ తీరజలాల్లో మాత్రం జూన్ 9 అర్ధరాత్రి నుంచి. లెక్క చూస్తే జూన్ 1 నుంచి 14 దాకా రెండు తీరాలూ దాదాపు మూతే. ఏడాది మొత్తంలో సముద్రపు చేపకు అతి కరువైన రెండు వారాలవి. ఆ రోజుల్లో లావుపాటి వంజరం ముక్కలు కనిపిస్తే, అవి ఫ్రీజర్‌లోంచి వచ్చి ఉండటానికి అవకాశం ఎక్కువ. అది తప్పు కాదు. తాజా అని అమ్మితేనే తప్పు.

మిగతాది చెరువు చేప. మన బొచ్చె, శీలావతి, వనామీ రొయ్య. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల నుంచి ఐస్ పెట్టెల్లో లారీలెక్కి అస్సాం దాకా పోయే చేపకు చెన్నై పక్క వీధితో సమానం. సముద్రపు చేపకన్నా దీన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. వేట నిషేధంలో కూడా పట్టిన మర్నాడే మన పళ్ళెంలోకి ధారాళంగా రాగలిగేది ఇదే.

ఫార్మలిన్: భయం ఎంత, నిజం ఎంత

2018 వేసవిలో కేరళ అధికారులు ఆపరేషన్ సాగర్ రాణి పేరుతో సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర తనిఖీలు చేసి ఫార్మలిన్ కలిపిన చేపల్ని పట్టుకున్నారు. ఆ గొడవ దేశమంతా పాకింది. అస్సాం ఆంధ్ర చేపల్ని కొన్నాళ్ళు రానివ్వలేదు. చెన్నై మార్కెట్లూ ఆ నెలల్లో వెలవెలబోయాయి. "మందు కొట్టిన చేప" అన్న మాట అప్పటి నుంచి మనల్ని వదల్లేదు.

ఫార్మలిన్ అంటే నీళ్ళలో కరిగించిన ఫార్మాల్డిహైడ్, సుమారు 37 శాతం. కాలేజీ ల్యాబుల్లో గాజు సీసాల్లో చేపల్ని ఏళ్ళ తరబడి నిలిపేది అదే. ఆహారంలో నిల్వకు దాన్ని వాడటానికి మన దేశంలో అనుమతి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. అందుకు ఆధారం ఎక్కువగా దాన్ని పీల్చినవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలు. తిండిలో కొద్దిగా చేరితే ఎంత హాని అన్నది అంత తేలిగ్గా కొలవగలిగేది కాదు, కానీ కలిపేవాణ్ణి సమర్థించడానికి అది కారణం కాకూడదు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. ఇందాక చెప్పుకున్న టీఎంఏఓ కొన్ని సముద్రపు చేపల్లో తనంతట తానే విరిగి కొద్దిపాటి ఫార్మాల్డిహైడ్‌ని పుట్టిస్తుంది. ఎవరూ ఏమీ కలపకపోయినా పరీక్షలో అది కనిపించొచ్చు. కాబట్టి "ఉందా లేదా" అన్న ప్రశ్న సరిపోదు, "ఏ చేపలో, ఎంత" అని అడగాలి. కోల్పోయిన అమ్మకాల గురించి వ్యాపారులు చేసే ఫిర్యాదులో ఈ పాయింటు బలమైనది. రోజూ తినే మనిషి వైపు నుంచి చూస్తే, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కాగితపు ముక్కతో నిమిషాల్లో తేల్చే కిట్‌ని తయారుచేసినా, మార్కెట్లో దాన్ని వాడి చూపేవాళ్ళు కనిపించకపోవడం న్యాయమైన కోపమే.

ఇంటి చిట్కాల సంగతి. ఈగలు వాలకపోతే ఫార్మలిన్ అంటారు. చల్లటి ఐస్‌లో ఉన్న చేపమీదా ఈగలు తక్కువే వాలతాయి. గట్టిగా ఉంటే ఫార్మలిన్ అంటారు. అప్పుడే చనిపోయిన చేప కూడా గట్టిగానే ఉంటుంది. నా మట్టుకు అనుమానం కలిగించేది గుర్తుల మధ్య పొంతన లేకపోవడం. మొప్పలు పాలిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నా ఒళ్ళు రబ్బరులా గట్టిగా ఉండి, నీచు వాసన అసలు లేకపోతే అప్పుడు వదిలేస్తాను. బాగా కడిగితే, వండితే పోతుందన్న మాట సగమే నిజం. కొంత పోతుంది, మాంసకృత్తులతో పెనవేసుకున్నది పోదు.

కానాగంతల దురద

ఫార్మలిన్ గురించి ఇంత మాట్లాడే మనం, అంతకన్నా మామూలుగా జరిగే ఒక ఇబ్బందిని పట్టించుకోం. కానాగంతలు, కవ్వళ్ళు, ట్యూనా, ఆ మాటకొస్తే వంజరం కూడా, వీటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వెచ్చగా ఉన్న గంటల్లో బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి, గుండెదడ. "నాకు చేప పడదు" అనుకునేవాళ్ళలో కొందరికి పడనిది చేప కాదు, ఎండలో ఉన్న చేప. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వేయించినా, పులుసు మరిగించినా పోదు. ఫ్రీజ్ చేసినా పోదు. వాసనతోనూ ఎప్పుడూ తెలియదు. దీనికి ఉన్న ఒకే ఒక్క అడ్డు మొదటి నుంచీ ఐస్. ఐస్ చేప వద్దని మనం పట్టుబట్టడం ఎంత పెద్ద పొరపాటో నాకు ఇక్కడ అర్థమైంది.

ఫ్రీజర్ చేప

ఫ్యాక్టరీలో ఒక్కసారిగా చల్లబరిచి మైనస్ 18 డిగ్రీల్లో ఉంచిన చేపలో మంచు పలుకులు సన్నగా ఉంటాయి, కండ పెద్దగా దెబ్బతినదు. మన ఇంటి ఫ్రీజర్ మెల్లగా గడ్డకట్టిస్తుంది, పలుకులు పెద్దవై కండని చీలుస్తాయి, కరిగించినప్పుడు నీళ్ళు కారిపోయి ముక్క పీచులా అవుతుంది. ఐస్‌లో ఉన్న తాజా చేపకు ఇది సాటిరాదు. కానీ రోజంతా తట్టలో ఉన్న చేపకన్నా మేలు. రొయ్యల ప్యాకెట్టుకు మాత్రం ఒక లెక్క ఉంది: పైన పూతగా మంచుపొర ఉంటుంది. 500 గ్రాముల్లో అది 20 శాతం అనుకుంటే చేతికొచ్చే రొయ్య 400 గ్రాములే. ప్యాకెట్టు మీద నికర బరువు మంచుతో కలిపా, విడిగానా అన్నది చూడాల్సింది అక్కడే.

పేర్ల సంగతి

చెన్నై వచ్చిన కొత్తలో అందరం తడబడేది ఇక్కడే. మన పండుగప్ప వాళ్ళ కొడువా, చందువ వవ్వాల్, కొరమీను విరాల్, నెత్తళ్ళు నెత్తిలి, కోనెం వంజరం. శంకర అన్న పేరుతో ఒకటికన్నా ఎక్కువ రకాల ఎర్ర చేపలు అమ్ముతారు, ధర మాత్రం ఖరీదైన దానిది పలుకుతుంది. మనకు గర్వంగా ఉండే ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. కానాగంతకి ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామంలో రెండో మాట "కానగుర్త". పాట్రిక్ రస్సెల్ 1803లో విశాఖపట్నం చేపల్ని బొమ్మలతో అచ్చువేయించినప్పుడు అక్కడి జాలర్ల నోట విన్న తెలుగు పేరే రాసుకున్నాడు. అది అలాగే నిలిచిపోయింది.

పులుసులోకి వచ్చేసరికి

నీచు వాసన ఇచ్చే ట్రైమిథైలమీన్ క్షార గుణం ఉన్నది. పులుపు తగిలితే అది లవణంగా మారి గాలిలోకి ఎగరడం మానేస్తుంది. చింతపండు, మామిడికాయ, నిమ్మరసం చేసే పని అదే. ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం రాసి కడగడం అమ్మలు ఊరికే నేర్పలేదు. చెరువు చేపకు ఉండే మట్టివాసన వేరు. చెరువులోని సూక్ష్మజీవులు పుట్టించే జియోస్మిన్ అది, తొలకరి వానకు నేల నుంచి లేచే వాసన కూడా దాందే. దాన్నీ పులుపు విరగ్గొడుతుంది. అందుకే బొచ్చె చేపకూ పుల్లమామిడికీ అంత చక్కగా కుదురుతుంది.

చేప కండలో బిగించి కట్టే పీచు తక్కువ, అదీ కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. ముక్క పది నిమిషాల్లో ఉడికేదీ, గరిటె పెడితే చెదిరేదీ అందుకే. గిన్నె రెండు చెవులూ పట్టుకుని తిప్పే పద్ధతి దీన్నుంచే వచ్చింది. మర్నాటికి పులుసు బాగుంటుందన్నది నిజమే. ఉప్పూ పులుపూ ముక్క మధ్యదాకా చేరడానికి ఆ రాత్రి కావాలి, తోలులోంచి కరిగినది పులుసుని చిక్కబరుస్తుంది. అయితే మొదట వేసిన ముక్క మంచిదైతేనే.

జూన్ మొదటి రెండు వారాల్లో నేను సముద్రం వైపు చూడను. ఆంధ్ర నుంచి వచ్చిన బొచ్చె, ఐస్‌లోంచి తీసింది, ఆఖరి పుల్లమామిడికాయలు. జూన్ 14 అర్ధరాత్రి దాటాక కాశిమేడు బోట్లు కదులుతాయి. మర్నాడే మార్కెట్లు జనంతో కిటకిటలాడతాయి, కానీ దూరం వెళ్ళిన బోట్లు తిరిగొచ్చేది మరి కొన్ని రోజులకి, గదుల నిండా ఐస్‌తో. వంజరానికి నేను అప్పుడు వెళతాను.